లంకలో మేక జున్ను

జున్ను అన్న మాట దగ్గరే మేం పొరబడ్డాం. నేనంటే మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి రిటైరైన మా టీచరమ్మకి కూడా తెలియలేదు. రావులపాలెం దాటాక గోదావరి లంకలో ఒక కుర్ర జంట మేకలు పెంచుతోందని, ఆదివారాలు మేక జున్నుతో భోజనం పెడుతున్నారని ఫోనులో చూపించింది ఆవిడే. జున్ను అంటే మాకు తెలిసింది ఒక్కటే. ఈనిన పశువు మొదటి పాలు, అందులో బెల్లం, మిరియాలు. పరాయి చోట తీపి తక్కువ వేస్తారేమోనని ఇంట్లో ఉన్న బెల్లం ముక్క గుడ్డలో మూటగట్టుకుని బయలుదేరాను.

టీచరమ్మ, ఎదురింటి వదిన, నేను ఇంజిన్ పడవ ఎక్కాం. ఎండ బాగానే కాస్తోంది, చినుకు లేదు. కాని నీళ్ళ రంగు నాకు నచ్చలేదు. నేను లంకలో పుట్టి పెరిగినదాన్ని.

"ఎర్రనీరు దిగింది, పైన ఎక్కడో వరద పట్టినట్టుంది" అన్నాను.

"శ్రావణమాసంలో ఎర్రనీరు రాక పన్నీరొస్తుందా వదినా?" అని నవ్వింది ఎదురింటి వదిన.

పడవ నడిపే అతను మాత్రం నవ్వలేదు. కొట్టుకొస్తున్న ఒక చెట్టు కొమ్మని తప్పించి, అది పోయిన వైపే చాలాసేపు చూశాడు.

లంకలో దిగగానే నీటి అంచున ఒక కందిపుల్ల గుచ్చాను. మా నాన్న అలాగే చేసేవాడు. నీరు పుల్లని ముంచిందంటే పొయ్యి మీదున్నది ఎలా ఉన్నది అలా దించేసి, ముందు పశువుల పలుపులు విప్పేవాడు.

రేవుకి కాస్త ఎగువన కొబ్బరి చెట్ల కింద విస్తళ్ళు వేశారు. గుత్తివంకాయ, ముక్కల పులుసు, గడ్డపెరుగు. ఆ తరవాత ఆ కుర్రాడు స్వయంగా వచ్చి సున్నం ముద్దలాంటి తెల్లటి ముక్కలు వడ్డించాడు.

"ఇదేంటి బాబూ?"

"జున్నేనండి మామ్మగారూ. చీజ్ అంటారు కదండి, అదేనండి."

నోట్లో పెట్టుకుంటే ఉప్పగా, పుల్లగా, మేక వాసన.

"విరిగిన పాలకి ఇంత దూరం వచ్చామా!" అంది వదిన.

"మెల్లగా అనండి, ఆ అమ్మాయి వింటోంది" అని టీచరమ్మ గదమాయించింది. విస్తట్లో వదిలేయడం నాకు చేతకాదు. పులుసన్నంలో నంజుకుని తినేశాను.

భోజనాలయ్యాక అతను జున్ను గది చూపించాడు. చల్లగా ఉంది. చెక్క బల్లల నిండా తెల్లటి ఉండలు. "మూడు నెలల నుంచి మాగబెడుతున్నానండి. ఇంకో పది రోజుల్లో హైదరాబాదు వెళతాయండి. మాకున్నదంతా ఈ గది, ఆ ముప్పై మేకలేనండి" అన్నాడు. అతని భార్య పక్కనే నిలబడి, పసిపిల్లల్ని చూసినట్టు ఆ బల్లల కేసి చూస్తోంది.

నేను మేకల షెడ్డు కేసి చూశాను. మేతకి వేసిన అవిసె మండలు వేసినట్టే ఉన్నాయి. మేకలన్నీ మెరక వైపు గోడకి ఒత్తుకుని నిలబడ్డాయి. ఒక్కటీ అరవడం లేదు. నేను రేవుకి నడిచి, వెంటనే వెనక్కొచ్చేశాను.

"అబ్బాయ్, మేకల్ని దాటించు."

"బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక కూడా ఇంకా ఇవ్వలేదండి. ఫోన్లో చూస్తూనే ఉన్నానండి."

"నీ ఫోను బ్యారేజీ సంగతి చెబుతుంది. నీ రేవు సంగతి నా పుల్ల చెప్పింది."

అతను వచ్చి చూశాడు. "పుల్లేదండి?"

"అదే చెబుతున్నాను. లేదు."

"సాయంత్రం దాకా చూద్దామండి. ఇంత సరుకు వదిలేసి ఎలా వెళ్ళనండి?"

అప్పుడు నోరు విప్పాడు పడవతను. "సాయంత్రం నేను రానండి. అవతల సుడి తిరుగుతోంది. ఇప్పుడైతే రెండుసార్లు తిప్పుతాను, అంతే."

"మేకలెక్కితేనే నేనెక్కుతాను" అని మట్టిలో చతికిలబడ్డాను. తల పండిన ముసలిదాన్ని అక్కడ వదిలేసి ఎవరు పోతారు?

తీరా పడవకి పలక వేశాక మేకలు దాని మీద కాలు పెట్టలేదు. ముందుండే ముసలి మేకని ఇద్దరు లాగినా కదల్లేదు. గుడ్డ మూట విప్పి బెల్లం ముక్క దాని మూతికి రాసి, వెనక్కి నడుస్తూ నేనే పడవ ఎక్కాను. అది నా చెయ్యి నాకుతూ వచ్చింది. దాని వెనక మిగతావి. సగం మేకలతో, ఆ అమ్మాయితో మేం ముందు దాటాం.

గట్టు మీద నిలబడి ఎదురు చూశాం. రెండోసారి పడవ మా రేవుకి రాలేదు. నీరు దాన్ని పక్కకి ఈడ్చేసింది. ఎక్కడో దిగువన అరటి తోట దగ్గర ఒడ్డుకి తగిలింది. పరిగెత్తాం. మేకలన్నీ ఉన్నాయి. నడుం దాకా తడిసి, చివర్లో అతను దిగాడు.

"జున్ను?" అంది భార్య.

అతను గుప్పిట తెరిచాడు. తాళంచెవి.

"గదికి తాళం వేసొచ్చాను" అన్నాడు.

అవతల, మేం భోంచేసిన చోట, కొబ్బరి చెట్ల మొదళ్ళు అప్పటికే కనబడడం లేదు.