నాచారంలో పోలెండ్ ఇంగ్లీషు

ఆదివారం ప్రార్థన అయ్యాక మా చర్చి వెనక రేకుల హాలులో వయసు పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పిద్దామని పాస్టరుగారు అన్నప్పుడు నేను వెంటనే ఒప్పుకున్నాను. ఎందుకంటే నేర్పేది నేను కాదు. పోలెండ్ నుంచి ఒక అమ్మాయి వాలంటీరుగా వస్తోంది. పిల్లలకు అర్థం కానప్పుడు పక్కనుండి తెలుగులో చెబితే చాలు. వారమంతా బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే నాకు అదేమంత కష్టం? నాచారంలో మా ఇంటి మేడమీద గది ఖాళీగా ఉండటంతో ఆమె బస కూడా మా దగ్గరే కుదిరింది.

మొదటి ఆదివారం హాలు నిండిపోయింది. ఇంటర్ అయి ఖాళీగా ఉన్నవాళ్లు, డిగ్రీ చదివేవాళ్లు, ఇండస్ట్రియల్ ఏరియాలో పనికి వెళ్లేవాళ్లు. అందరూ అమెరికా ఇంగ్లీషు వినాలని వచ్చారు. ఆ అమ్మాయేమో మాటకోసం వెతుక్కుంటూ, ఆగుతూ, మళ్లీ మొదలుపెడుతూ మాట్లాడింది.

"ఏందక్కా, గీమె ఇంగ్లీషు మన లెక్కనే ఉన్నది?" అని రామంతాపూర్ నుంచి వచ్చే డిగ్రీ అబ్బాయి నా చెవిలో అడిగాడు.

"వాళ్ల దేశంల గూడ ఇంగ్లీషు బడికి పోయి నేర్చుకునుడే" అన్నాను.

మరుసటి వారం సగం మంది రాలేదు. వచ్చినవాళ్లు నోరు విప్పలేదు. తప్పు మాట్లాడితే పక్కవాడు నవ్వుతాడనే భయం. వాళ్లను మాట్లాడించడానికి ఆమె తన గురించే చెప్పుకోవడం మొదలుపెట్టి, "ఐ హ్యావ్ ట్వెంటీ సిక్స్ ఇయర్స్" అంది.

వెనక వరుసలోంచి ఒక సన్నని గొంతు లేచింది. "ఐ యామ్ అనాలె గదక్కా?"

మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిచేసే అమ్మాయి అది. ఇబ్బందిగానే ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. పోలెండ్ అమ్మాయి నుదురు కొట్టుకుని గట్టిగా నవ్వింది. తమ భాషలో వయసు 'ఉంటుంది' అని, ఎంత చదివినా ఆ తప్పు నాలుక మీంచి పోవడం లేదని చెప్పింది. నేను తెలుగులో చెప్పగానే డిగ్రీ అబ్బాయి, "మనం గూడ గంతే గదా! నాకు ఇరవై ఏండ్లు ఉన్నయంటం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు తర్వాత మాటలు మొదలయ్యాయి.

ఒకసారి ఆమె క్లాసును ఉప్పల్ రోడ్డు మీదికి తీసుకెళ్లింది. ఎదురుపడ్డ వాటిలో తలా ఒకటి ఇంగ్లీషులో తనకు వివరించాలి. బండి దగ్గర డిగ్రీ అబ్బాయి మిర్చీబజ్జీ చేతికిచ్చి, "మేడమ్, చిల్లీ ఇన్‌సైడ్. షర్ట్ అవుట్‌సైడ్" అన్నాడు. శనగపిండిని ఏమంటారో నాకు చటుక్కున తట్టనే లేదు గానీ ఆమెకు అర్థమైపోయింది. ప్యాకింగ్ అమ్మాయి మాత్రం ఆ రోజు కూడా నా వెనకే నడిచింది. "నాకు లోపలనే వస్తదక్కా, బయటికి రాదు" అంది.

వానలు పడ్డ కొత్తలో పోలెండ్ అమ్మాయికి జ్వరం వచ్చింది. ఒళ్లంతా నొప్పులు, కళ్లు తెరవలేకపోయింది. పరీక్ష చేయిస్తే డెంగీ. ఉప్పల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాను. పరాయి ఇంటి బిడ్డ, నా ఇంట్లో దోమ కుట్టి పడిపోయింది. ఏమైనా అయితే ఎవరికి ఏమని చెప్పుకోవాలి? ఆ భయంతో నాకు అన్నం సహించలేదు.

మరునాడు పొద్దున ప్యాకింగ్ అమ్మాయి ఇడ్లీ డబ్బా పట్టుకుని వచ్చింది. డ్యూటీకి వెళ్లే దారిలో చూసి పోదామని వచ్చి, మంచం పక్కన కాసేపు నిలబడి, బయటికెళ్లి ఫోన్ చేసింది. "సార్, ఇయ్యాల నేను రాను. మా మేడమ్‌కు జెరమొచ్చింది. ఆమెకు ఈడ ఎవ్వరు లేరు" అనడం నాకు వినిపించింది.

అప్పుడే రోగి ఫోన్ మోగింది. వాళ్లమ్మ వీడియో కాల్. కూతురు నిద్రలో ఉందని నేనే తీసి, ఆందోళన అక్కర్లేదని, పరిస్థితి నిలకడగా ఉందని, ప్లేట్‌లెట్లు పెరుగుతాయని డాక్టర్లు ఆశిస్తున్నారని నాకొచ్చిన మంచి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "హాస్పిటల్? హాస్పిటల్?" అంటూ ఏడవడం మొదలుపెట్టింది. నేను కంగారుపడి ఇంకా వేగంగా చెప్పాను.

"అక్కా, జర ఇటియ్యి" అని ప్యాకింగ్ అమ్మాయి ఫోన్ అందుకుంది.

ముందు పడుకున్న కూతుర్ని చూపించింది. తర్వాత సెలైన్ సీసా, ఇడ్లీ డబ్బా. "ఆంటీ, సీ. స్లీప్. ఎస్టర్‌డే ఫీవర్ బిగ్. టుడే స్మాల్."

"గుడ్ డాక్టర్?"

"గుడ్ డాక్టర్. ఐ సిట్ హియర్. యు నో క్రై."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "యు... ఫ్రెండ్?"

"నో ఆంటీ. స్టూడెంట్."

"షి టీచ్ యు?"

"యెస్. షి టీచ్. ఐ టాక్."

ఆవిడ ఏడుపులోనే నవ్వింది. నేను వరండాలోకి వచ్చి కూర్చున్నాను. లోపల ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకుంటూనే ఉన్నారు. నాకు ఇంగ్లీషు ఎప్పుడూ పరీక్షలోనో, ఇంటర్వ్యూలోనో, తల్లిదండ్రుల మీటింగులోనో ఎవరో ఒకరి ముందు నిలబడి అప్పజెప్పేదిగానే ఉండేది. ఎదుటి మనిషికి అందిందా లేదా అని ఆగి చూసే అలవాటు నాకెవరూ చేయలేదు, నేను మా బడి పిల్లలకూ చేయలేదు. ఆ వరండాలో బాధ కంటే తేలిక ఎక్కువగా అనిపించింది. భయం కూడా కొంచెం తగ్గింది.

ప్లేట్‌లెట్లు పెరిగాయి. ఆమె ఇంటికి వచ్చి, గంజీ, బొప్పాయి ముక్కలూ తిని కోలుకుంది. మళ్లీ క్లాసు పెట్టిన ఆదివారం ప్యాకింగ్ అమ్మాయి ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చి ఆసుపత్రి సంగతంతా ఇంగ్లీషులో చెప్పింది. తప్పులున్నాయి. దిద్దాలని నా నోరు తెరుచుకుంది గానీ, అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారని చూసి ఊరుకున్నాను.

చలికాలం మొదట్లో పోలెండ్ అమ్మాయి వెళ్లిపోయింది. ఉప్పల్‌లో ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కించడానికి క్లాసు క్లాసంతా వచ్చింది. ఆదివారం క్లాసు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. ప్యాకింగ్ అమ్మాయి రెండుచోట్ల ఇంటర్వ్యూకు వెళ్లి ఉత్త చేతులతో వచ్చింది. ఆ తర్వాత ఏఎస్ రావు నగర్‌లో ఒక కంటి క్లినిక్‌లో రిసెప్షన్‌లో చేరింది.

మొన్న క్లాసుకు వస్తూనే ఫోన్ చూపించి మురిసిపోయింది. పోలెండ్ అమ్మాయి వాళ్లమ్మ అక్కడ తమ ఊళ్లో ఇంగ్లీషు క్లాసులో చేరిందట.

"ఈ వయసుల ఎందుకంటనే?" అన్నాను.

"నాతోని మాట్లాడనీకంట అక్కా" అంది.