నిమ్మాకు చాటు

సీతాకోకచిలుకలంటే ప్రాణమని చెప్పుకుంటూ తిరిగే మనిషిని నేను. ఆ ప్రాణం ఎలాంటిదో ఇవాళ చెప్పేస్తాను.

ఇల్లు ఏలూరు, జువాలజీ చెప్పేది తాడేపల్లిగూడెం కాలేజీలో. ఒకప్పుడు సాయంత్రంపూట కొల్లేరు గట్టు మీద స్కూటర్ నడిపితే పురుగులు మొహాన కొట్టుకునేవి, తిట్టుకునేదాన్ని. ఇప్పుడు నోరారా పాట పాడుకుంటూ వెళ్లొచ్చు, ఒక్కటీ నోట్లో పడదు. జిల్లేడు మొక్కలన్నీ గాలించినా గొంగళిపురుగు దొరకదు. నేను మాత్రం దగ్గరి ఫోటోలు తీసే ఖరీదైన లెన్సు కొనుక్కుని కూర్చున్నాను.

మావారి అన్నగారు భీమడోలు దగ్గర వరిసేద్యం చేస్తారు. మొన్న వానాకాలం వాళ్ల పెరట్లో నిమ్మకొమ్మ మీద ఒక సీతాకోకచిలుక గూడు కనిపించింది. ఆ ఏడాది మొత్తానికి నా కంటపడింది అదొక్కటే. అది పగిలి చిలుక బయటికొచ్చే క్షణం ఫోటో తీయాలని పిచ్చి పట్టింది. రోజూ కాలేజీకి వెళ్తూ భీమడోలులో రైలు దిగేదాన్ని. ఆకులు అడ్డొచ్చి వెలుతురు పడటం లేదని, కత్తెర తెచ్చి గూడు చుట్టూ ఉన్నవన్నీ కత్తిరించేశాను.

"ఏంటమ్మా, రోజూ ఆ కొమ్మనే చూస్తున్నావు?" అని బావగారు అడిగారు.

"ఏం లేదండీ, ఊరికే" అన్నాను. పురుగు కోసం రైలు దిగుతున్నానంటే నవ్వుతారని భయం. లెక్చరర్ని కదా, పరువు!

ఐదో రోజుకి గూడు నల్లబడి లోపలి రెక్కల చారలు కనిపించాయి. మర్నాడు పొద్దున్నే మొదటి బండికి వచ్చాను. పెరట్లో అడుగుపెట్టగానే మందు వాసన గుప్పుమంది.

మావైపు రైతులకి అదొక అలవాటు. చేలో కొట్టగా ట్యాంకులో మిగిలిన పురుగుమందు పారబోయడానికి చేతులు రావు. ఇంటికి తెచ్చి కరివేపాకుకో నిమ్మకో కొట్టేస్తారు. బావగారు వీపు మీది ట్యాంకు ఇంకా దించలేదు.

"ఆ కొమ్మంతా పురుగు తినేసి బోడిగా ఉందమ్మా. పాపం, రోజూ దాన్నే చూసుకుంటున్నావు గదా అని మిగిలిన మందంతా అక్కడే కొట్టాను" అన్నారు మురిపెంగా.

చిలుక అప్పటికే బయటికొచ్చేసింది. తడి రెక్కలు విచ్చుకోలేదు. కిందపడి, వెల్లకిలా కాళ్లు కొట్టుకుంటోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోటో తీసి, పెద్దది చేసి, కెమెరా ఆయన మొహం ముందు పెట్టాను. "చూడండి బావగారూ. దాని కంటి మీద చుక్క కనిపిస్తోందా? మీ మందే. బాగా చూడండి." డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగేదాకా చూపిస్తూనే ఉన్నాను. అందులో నాకు సుఖం కూడా దొరికింది, అబద్ధమెందుకు?

ఆయన కళ్లు తుడుచుకుని కొమ్మ దగ్గరికెళ్లారు. మొండి తొడిమలు ఒక్కొక్కటీ పట్టి చూశారు.

"ఇది పురుగు తిన్నది కాదమ్మా, కత్తెర కోత. ఆకులుండి ఉంటే నేను ఈ కొమ్మ జోలికే వచ్చేవాణ్ణి కాదు" అన్నారు మెల్లగా.

కింద అది ఇంకా కాళ్లాడిస్తూనే ఉంది.

"దీని బాధ చూడలేనమ్మా" అంటూ ఆయన చెప్పుకాలు ఎత్తారు.

"ఆగండి బావగారూ, ఇంకొక్క ఫోటో" అన్నాను.

ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. నేను బురదలో బోర్లా పడుకుని లెన్సు సరిచేసుకున్నాను.