పల్లీపట్టీ సాక్ష్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాకం చెడితే తప్పు బెల్లానిది కాదు, పొయ్యిది కాదు, గరిటె తిప్పిన చేతిది అసలే కాదు. ఎవరి కళ్లో పడ్డాయి, అంతే. ఇన్నేళ్లయినా ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మొన్న మా గల్లీలో ఒకామె పిల్లలకు చాక్లెట్లు చేయబోయి మాడబెట్టుకుని, "ఎవల దిష్టి తాకిందో" అని మూతి తిప్పింది. "ఎవలది తాకలే, ఫోను చూసుకుంట పొయ్యి మరిచినవ్" అన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే పోనీ.

అప్పుడు మేము బతుకుతెరువు కోసం తెలంగాణలోని మా ఊరు వదిలి వచ్చి, సూరత్‌లో పర్వత్ పాటియా వైపు, మగ్గాల షెడ్ల పక్కన వరుసగా ఉన్న ఒంటిగదుల ఇళ్లలో ఉండేవాళ్లం. మా తాతయ్య, నాన్న ఇద్దరూ మగ్గాల మీదే పని చేసేవారు. గోడ అవతల మగ్గం ఆడుతుంటే మా ఇంట్లో గిన్నెలు సన్నగా మోగేవి. ఆ ఏడు నాకు తమ్ముడు పుట్టాడు. వాణ్ని తొట్టెలలో వేసే రోజున గల్లీ అంతా పల్లీపట్టీలు పంచాలని మా నాయనమ్మ నిర్ణయించింది.

పక్కింటి అక్క గురించి ముందు చెప్పాలి. వరసకు అక్క కాదు, మా పక్క గదిలోకి కాపురానికి వచ్చిన మనిషి. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేరు. మా అమ్మ నిండు మనిషిగా ఉన్నప్పుడు నీళ్లు మోసిందీ, బట్టలు ఉతికిందీ, నాకు తల దువ్విందీ ఆమే. నొప్పులు వచ్చిన రోజున మగవాళ్లు పనిలో ఉంటే రిక్షా పిలుచుకొచ్చి, బిడ్డ బయట పడేదాకా అమ్మ చేయి వదలకుండా కూర్చున్నదీ ఆమే. పట్టీల కోసం పల్లీలు వేయించి, పొట్టు చెరిగి చేట నిండా తెచ్చి ఇచ్చింది కూడా ఆమే. ఇంతకంటే ఏం చేయాలి ఒక మనిషి?

తొట్టెల ముందురోజు నాయనమ్మ పాకం పట్టింది. ఎప్పుడూ ఊరి నుంచి తెచ్చుకున్న గట్టి బెల్లమే వాడేది. అది అయిపోయి, సూరత్ బెల్లంతో పట్టీ చేయడం అదే మొదలు. పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టాలి, ఆ ఉండను కంచానికేసి కొడితే టంగుమనాలి. ఎంత మరిగించినా టంగుమనలేదు. విసుగొచ్చి పల్లీలు పోసి పళ్లెంలో పరిచేసింది. ఆరాక కత్తి పెడితే కత్తితో పాటే సాగి వచ్చింది. సరిగ్గా అప్పుడే అక్క గుమ్మంలోకి వచ్చి, "మంచిగొచ్చిందా పెద్దమ్మా?" అని అడిగింది, పాపం.

నాయనమ్మ పళ్లెం కింద పడేసింది. "పిల్లలు లేనోళ్ల కన్ను వడ్డంక పాకం నిలుస్తదా?" అంది, గల్లీ చివరిదాకా వినపడేలా. అక్కడితో ఊరుకుందా! గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా, "రేపు తొట్టెల కాడికి రాకు బిడ్డా. నీకు తెల్వనిదేమున్నది" అంది. ఆ "బిడ్డా" అన్న మాట తిట్టు కంటే ఘోరం. అక్క ఖాళీ చేట తీసుకుని వెళ్లిపోయింది. మంచం మీద నుంచి అమ్మ "అత్తమ్మా!" అంటే, "బాలింతవు, నువ్వు నోర్ముయ్యి" అన్నది నాయనమ్మ. ఆడలేక మద్దెల ఓడు అనడం అందరూ చేసేదే. కానీ ఇక్కడ మద్దెలకు ప్రాణం ఉంది.

సాయంత్రం పని నుంచి వచ్చిన తాతయ్య సంగతి విన్నాడు. ఆయన మంచివాడు, పైగా తెలివైనవాడు. వాదించలేదు. "దిష్టే అయితే, దిష్టి వడకుంట చేద్దాం" అని తలుపు మూసి, కిటికీకి గోనెపట్టా కట్టి, గడపకు అడ్డంగా కూర్చున్నాడు. మిగిలిన బెల్లంతో నాయనమ్మ మళ్లీ పాకం పట్టింది. మళ్లీ సాగింది. తాతయ్య పకపకా నవ్వి, "ఇప్పుడెవల కన్ను వడ్డదే? నాదా, నీదా?" అన్నాడు. "ఆమెదే, ఇంక పోలే" అంది నాయనమ్మ. చూశారా! మూర్ఖుల మనసు మార్చడం ఎవరి తరం?

తాతయ్య ఒక బెల్లం ముక్క జేబులో వేసుకుని సందు చివర కిరాణా సేటు దగ్గరికి వెళ్లాడు. సేటు దాన్ని వేలితో నొక్కి చూసి, "చిక్కీకా గుడ్ అలగ్ ఆతా హై" అన్నాడట. పప్పుకూరల్లో వేసే మెత్తని బెల్లం వేరు, పట్టీకి వాడే గట్టి బెల్లం వేరు. మన వైపు అన్నింటికీ ఒకటే బెల్లం, ఈ తేడా నాయనమ్మకు తెలియదు. సంగతి అంతే! తాతయ్య కొత్త బెల్లం గడ్డతో విజయం సాధించినవాడిలా వచ్చాడు.

అక్కడితో అయిపోవలసింది. కానీ తాతయ్యకు ఇంకో ఆలోచన వచ్చింది. తెల్లారి గల్లీ ఆడవాళ్లందరి ముందు, అక్కను పొయ్యి ఎదురుగా కూర్చోబెట్టి, నాయనమ్మతో పట్టీ చేయించాలని. "అందరు చూస్తరు. పట్టీ టంగుమంటది. ఒక్కొక్కల నోర్లు మూత వడ్తయ్" అన్నాడు. తానే వెళ్లి అక్కను పిలుచుకొచ్చాడు.

ఆమె వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని వచ్చి, స్టవ్ ముందు పీట మీద కూర్చుని, తల వంచుకుని తన చేతులనే చూసుకుంటూ ఉండిపోయింది. గిన్నె వైపు కళ్లు ఎత్తలేదు. తన కళ్లంటే తనకే భయం పుట్టించారు ఆమెకు! గుమ్మం నిండా ఆడవాళ్లు తమాషా చూడటానికి చేరారు. నాయనమ్మ స్టవ్ వెలిగించి, బెల్లం కొట్టి గిన్నెలో వేసింది.

అప్పుడు మా అమ్మ మంచం దిగింది. చెవులకు గుడ్డ కట్టుకుని, తమ్ముణ్ని ఎత్తుకుని వచ్చి, బెల్లం కరగకముందే స్టవ్ ఆర్పేసింది.

"మామా, పట్టీ కుదరకపోతే?"

"కుదురుతది బిడ్డా. సేటు చెప్పిండు గద" అన్నాడు తాతయ్య.

"కుదరకపోతే అంటున్న. మంటెక్కువై మాడిందనుకో. గప్పుడు తప్పు ఈమెదేనా?"

 అమ్మ అక్క పక్కకు వచ్చి నిలబడింది. "నాకు నొప్పులొచ్చిన నాడు ఈమె నా మొఖమే చూసుకుంట కూసున్నది. గా కన్ను వడి నా కొడుకు చెడిండా? నా బిడ్డ పుట్టంగ చూసిన మనిషికి బెల్లం సాక్ష్యం చెప్పాల్నా? నీ మంచితనం గిట్లుంటదా మామా?"

అని తమ్ముణ్ని తీసి అక్క ఒళ్లో పెట్టింది. "లే చెల్లె. తొట్టెలల వేసేది నువ్వే. కండ్ల నిండ చూసుకో."

అక్క అప్పుడు తల ఎత్తింది. వాణ్ని చూస్తూ చూస్తూ భోరున ఏడ్చేసింది. గుమ్మంలో ఉన్న ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు పక్కకు జరిగారు. తాతయ్య గిన్నెలో బెల్లం తీసి, ఇంకా చిన్న ముక్కలు కొట్టి, మిగిలిన పల్లీలతో కలిపాడు. ఆ రోజు గల్లీకి పంచింది అదే, పల్లీలూ బెల్లం ముక్కలూ. "పట్టీల్లేవా?" అని సణిగినవాళ్లు సణిగారు. తమ్ముణ్ని తొట్టెలలో వేసి మొదటి ఊపు ఊపింది అక్కే.

నాయనమ్మ మాత్రం బతికున్నంత కాలం ఆమెతో "తప్పయింది" అనలేదు. అది నాకు ఇప్పటికీ జీర్ణం కాదు. ఇంకోటి కూడా జీర్ణం కాదు. ఈ కథ ఎవరికి చెప్పినా, "తర్వాత ఆమెకు పిల్లలు పుట్టారా?" అని అడుగుతారు. నేను చెప్పను. ఎందుకు చెప్పాలి? పుడితేనే ఆమె కళ్లు మంచివా?

సేటు ఇచ్చిన ఆ గట్టి బెల్లంతో పట్టీ బ్రహ్మాండంగా కుదురుతుంది. తర్వాత లెక్కలేనన్నిసార్లు చేశాను, ప్రతిసారీ టంగుమంది. అయినా మా ఇంట్లో తొట్టెల నాడు మాత్రం ఎవరూ పాకం పట్టరు. నా పిల్లలకైనా, మనవలకైనా పల్లీలూ బెల్లం ముక్కలే పంచాను. బిడ్డను తొట్టెలలో వేయడానికి, ఎవరినైతే పిలవొద్దని గల్లీ గుసగుసలాడుతుందో వాళ్లింటికే ముందు వెళ్లి, చేయి పట్టుకుని తీసుకొస్తాను.