దొంగమెట్టు

నేను దయ్యాలను నమ్మను. ఈ మాట నలభై ఏళ్లుగా వేదికల మీద చెబుతున్నాను, పత్రికల్లో రాస్తున్నాను. పూనకం వచ్చిందన్న మనిషి ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేశాను. చేతబడి చేసిందని ఒక ముసలామెను ఊరవతలికి తరిమితే, తరిమినవాళ్ల అరుగు మీదే నిలబడి వాళ్లను తిట్టి వచ్చాను. కాబట్టి ఇది దయ్యం కథ కాదు. ఒక తీగవాద్యం మెడ మీద ఒక దారం కట్టిన చోటు గురించి. ఆ చోటు నన్ను వదలడం లేదు.

ఆ వాద్యం ఒక టర్కీ మనిషిది. ఆయన పాటలు కట్టి పాడతాడు, పుస్తకాలు రాస్తాడు, రాజకీయాల్లో పనిచేశాడు. ఈ మూడూ వేరువేరు పనులని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అక్కడి ప్రభుత్వమూ అనుకోలేదు. నూలు మిల్లులున్న చిన్న పట్టణంలో, బట్టకు రంగు వేసే కార్మికుడి కొడుకుగా పుట్టాడు. సమ్మె రోజుల్లో మిల్లు గేటు ముందు పాడడంతో మొదలుపెట్టాడు. తర్వాత పత్రికలో వారం వారం రాశాడు. ఒకసారి ఎన్నికల్లో నిలబడి గెలిచాడు కూడా. గెలిచిన సంబరం ఇంకా తీరకముందే ఒక పాటలోని రెండు పంక్తుల మీద కేసు పెట్టారు. జైలుకు వెళ్లాడు. అక్కడ రెండు పుస్తకాలు రాశాడు. బయటికి వచ్చేసరికి ఇంకో కేసు సిద్ధంగా ఉంది. ఇక కుదరదని దేశం వదిలి, యూరప్‌లో ఒక చలి ఊళ్లో తలదాచుకున్నాడు.

కాటన్‌పేటలో ఒక బట్టల దుకాణం పైన మా నాన్న తరంవాళ్లు పెట్టిన చర్చావేదిక ఇంకా నడుస్తోంది. అక్కడ మాట్లాడడానికి ఆయనను పిలిచాం. మారతహళ్ళిలో తెలిసినవాళ్ల ఫ్లాటు ఒకటి ఖాళీగా ఉంటే అందులో నెల రోజులు ఉన్నాడు. నన్ను ‘అబ్లా’ అని పిలిచేవాడు. వాళ్ల భాషలో అక్క అని. మా ఇద్దరి మధ్య ఉన్నది ఇంగ్లీషు. ఇద్దరికీ అరువు భాషే కాబట్టి తప్పులకు ఎవరూ సిగ్గుపడలేదు.

వచ్చిన మర్నాడే ఆ వాద్యాన్ని సంచీలోంచి తీసి మా ఇంట్లో చాప మీద పెట్టాడు. సాజ్ అంటారట. సగానికి కోసిన బేరిపండు లాంటి పొట్ట, సన్నని పొడవాటి మెడ. మన వీణకు కంచు మెట్లు మైనంలో దిగేసి ఉంటాయి. దీనికి మెట్లు అంటే మెడ చుట్టూ బిగించి కట్టిన నైలాన్ దారాలే. జరపాలంటే జరుగుతాయి. విమానంలో సామాన్ల కింద నలిగి ఒక బిరడా చీలిపోయింది. తీగ బిగించే ఆ చెక్క మర ఒక్కటే పోయింది, మిగతాదంతా క్షేమం అన్నాడు. అని, మెడ మధ్యలో ఒక దారం మీద బొటనవేలు పెట్టి చూపించాడు.

ఆ దారం కట్టింది ఆయన స్నేహితుడు. ఇద్దరూ కలిసే పాడేవాళ్లు. ఒక పొద్దున రొట్టె తేవడానికి వెళ్లి ఆ స్నేహితుడు తిరిగి రాలేదు. పోలీసు బండి ఎక్కించడం చూసినవాళ్లున్నారు. పోలీసులు మాత్రం మేం ఎక్కించలేదన్నారు. శవం లేదు, సమాధి లేదు. మిగిలింది ఆ దారం.

“అందరూ కట్టే చోటుకు వాడు వెంట్రుకవాసి కిందికి కట్టాడు. పాడేటప్పుడు అక్కడ వాడి గొంతు జారేది. గొంతు జారిన చోటికే మెట్టు దించాడు. ఊరంతా నవ్వింది” అన్నాడు. “మిగతా దారాలన్నీ అరిగితే మార్చాను. దాన్ని మార్చలేదు. వాడు పోయిన రోజున ప్రతి ఏడూ వాళ్లమ్మకు ఫోను చేసి వాడి పాట వాయిస్తాను. ఆమెకు తొంభై దగ్గరికి వస్తున్నాయి. ఆ మెట్టు పలికినప్పుడు, ఇప్పుడొచ్చాడు నా కొడుకు, అంటుంది. ఈ ఏడు ఆ రోజు మీ ఊళ్లో వస్తోంది, అబ్లా.”

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. “కొడుకు రావడం కాదు కదా అది. కంపనం” అన్నాను.

ఆయన నవ్వాడు. “నేనూ నాస్తికుడినే. మా దేశంలో దానికీ ఒక కేసు ఉంది నామీద. కంపనమే, ఎవరు కాదన్నారు? మీరు దేవుణ్ణి తీసేశారు, సంతోషం. నా మెట్టు మాత్రం ఉంచండి.” తర్వాత మా కాఫీని తెగ మెచ్చుకుని, పాలు పోసిన మా టీని మాత్రం మానవ హక్కుల ఉల్లంఘన అన్నాడు.

నగర్తపేటలో ఒక సందులో వీణలు, తంబూరలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. మా నాన్న హార్మోనియం ఆయన చేతిలోనే రెండుసార్లు బతికింది. సాజ్ ఆయన దగ్గరికి తీసుకుపోయాను.

“ఏంది అమ్మణ్ణీ ఇది? వీణకు పుట్టిందా, తంబూరకు పుట్టిందా?”

“రెండిటికీ కాదప్పా. టర్కీది.”

“అంత దూరం నుంచి వచ్చి నా చేతిలో పడిందా, పాపం. ఇడిసిపెట్టి పో. రెండు దినాల్లో ఫోను చేస్తా.”

రెండు రోజులకు ఫోను వచ్చింది. వాస్తు మీద ఒక వ్యాసం ముగింపులో ఉన్నాను అప్పుడు. తూర్పు గోడ పడగొట్టించుకుని అప్పులపాలైన ఒక బడిపంతులు గురించి రాస్తూ మంచి వేడి మీద ఉన్నాను.

“అమ్మణ్ణీ, బిరడా అయిపోయింది. ఇంకో మాట. దీని మెట్లు ఎవురో పని తెలీనోడు కట్టినాడు. స్వరానికీ స్వరానికీ నడమ దొంగమెట్లు ఉండాయి, ఐదు. అందులో ఒకటైతే మరీ అన్యాయం. చెవిలో ముల్లు గుచ్చినట్ల ఉండాది. తీసేసి సరిజేసేదా?”

“సరిజెయ్యప్పా” అన్నాను.

మరిచిపోయి అన్నానని చెప్పుకోవచ్చు. అది అబద్ధం. మెట్టు అన్న మాట వినగానే ఆ కథ మనసులో కదిలింది. ఒక్క క్షణం. దాన్ని పక్కకు నెట్టాను. నా వాక్యం సగంలో ఉంది. అంతేకాదు, లోపల ఎక్కడో ఆ దారం మీద నాకు చులకన ఉంది. తాయెత్తు మీద ఉండే చులకనే. ఆ రెండూ కలిసి సరిజెయ్యమన్నాయి.

ఆ తల్లికి ఫోను చేయవలసిన రోజుకు ముందు రోజు సాజ్ తీసుకుని మారతహళ్ళి వెళ్లాను. ఆయన సంచీ విప్పాడు. కొత్త బిరడా చూసి మెచ్చుకున్నాడు. తర్వాత బొటనవేలు మెడ మీద కిందికి జారింది. ఆగింది. మళ్లీ పైకి వెళ్లి, మళ్లీ కిందికి వచ్చింది. చీకట్లో గుమ్మం వెతుక్కునేవాడి చెయ్యిలా ఉంది. మెడంతా అద్దంలా మెరుస్తోంది. పెద్దాయన దొంగమెట్లు ఐదూ కోసేసి, మిగతావి హార్మోనియంతో సరిచూసి కట్టి, చెక్కను గీకి మెరుగు పెట్టాడు. ఏళ్ల తరబడి ఆ దారం ఒత్తిడికి చెక్క మీద పడిన సన్నని గాడి కూడా పోయింది.

“ఇక్కడ ఒకడుండాలి” అన్నాడాయన.

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. కిటికీ అవతల రింగ్ రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. ఆయన సాజ్ ఒళ్లో పెట్టుకుని, తీగ ముట్టకుండా, అలాగే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరం నగర్తపేట వెళ్లాం. ఆయనకు తెలుగు రాదు, కన్నడం రాదు. పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. నడుమ నేను.

“ఇంత నున్నగా చేసిచ్చినా. ఏం తక్కువయింది సామికి?” అన్నాడు పెద్దాయన.

చెప్పాను. స్నేహితుడు, రొట్టె, పోలీసు బండి, వాళ్లమ్మ, ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలకు ఫోను. పెద్దాయన చేతిలోని ఉలి కింద పెట్టాడు.

“అయ్యో. పోయినోడు కట్టిందా అది?”

“పోయినాడో లేదో కూడా తెలీదప్పా. ఆ దారం ఏమైంది?”

“ఊడ్చేసినా అమ్మణ్ణీ. చెత్త బండి పోయి రెండు దినాలాయె.” తర్వాత నాతో అన్నాడు: “నేను ఫోను చేసి నిన్ను అడిగినా గదా? నువ్వు సరిజెయ్యమంటేనే చేసినా. ఆ మాట సామికి చెప్పు. పని తెలీనోడని అనుకోనీ, బేజారు లేదు. అడక్కుండా పరాయి వస్తువు మీద చెయ్యి పెట్టేవాడని మాత్రం అనుకోకూడదు.”

టర్కీ మిత్రుడు నా వైపు తిరిగాడు. “ఏమంటున్నారు?”

“క్షమించమంటున్నారు” అన్నాను.

ఆయన వెంటనే లేచి వెళ్లి పెద్దాయన భుజం మీద చెయ్యి వేశాడు. తల అడ్డంగా ఊపాడు, పర్వాలేదన్నట్టు. పెద్దాయన ముఖం తేటపడింది.

“చెప్పినావా అమ్మణ్ణీ?”

“చెప్పినా.”

నలభై ఏళ్లు సత్యం, సత్యం అని గొంతు చించుకున్న మనిషి అరనిమిషంలో చేసిన పని ఇది. ఒకరికి ఒక అబద్ధం, ఇంకొకరికి ఇంకొకటి. ఇద్దరూ నన్ను నమ్మారు, ఎందుకంటే ఇద్దరికీ వేరే దారి లేదు. మంత్రం తనకొక్కడికే తెలుసని బతికే పూజారుల మీద ఎన్ని వ్యాసాలు రాశానో నాకే లెక్క లేదు.

తర్వాత పెద్దాయన నైలాన్ దారం చుట్ట తెచ్చాడు. నాలుగు మెట్ల చోట్లు టర్కీ మిత్రుడికి తెలుసు, అవి వాళ్ల దేశంలో అందరూ కట్టేవే. చకచకా చూపించాడు, పెద్దాయన కట్టాడు. మిగిలింది ఐదోది. గాడి ఉందనే ధైర్యంతో ఆ చోటును తన చెవిలో ఎన్నడూ కొలిచి పెట్టుకోలేదని మిత్రుడు ఒప్పుకున్నాడు.

“నాకు తెలుసు అదేడ ఉండిందో” అన్నాడు పెద్దాయన. “పాడు శబ్దం అమ్మణ్ణీ. రెండు దినాలు చెవిలోంచి పోలే. అన్నం తింటా ఉంటే కూడా అదే.”

నచ్చక గుర్తుంచుకున్న చెవి ఒకటి. ప్రేమించి, గాడిని నమ్ముకుని, గుర్తుంచుకోని చెవి ఒకటి. పెద్దాయన దారం కట్టి తీగ మీటాడు. మిత్రుడు కళ్లు మూసుకుని విని, గోటితో దారాన్ని రవ్వంత కిందికి నెట్టాడు. పెద్దాయన మళ్లీ పైకి జరిపాడు.

“ఇంకా కిందికి పోతే స్వరం బావిలో పడతాది, చెప్పు సామికి!”

మిత్రుడు తన భాషలో ఏదో అన్నాడు. పెద్దాయన తన భాషలో అన్నాడు. కాసేపటికి ఇద్దరికీ నా అవసరం పోయింది. వేళ్లతో పోట్లాడుకున్నారు. పెద్దాయన నెత్తి కొట్టుకున్నాడు, ఆయన నవ్వాడు. నేను గోడకానుకుని, ఒక దారం వెంట్రుకవాసి అటూ ఇటూ కదలడం చూస్తూ నిలబడ్డాను. ఒక్కో మీటుకు ఒక్కో మనిషి గది లోపలికి తొంగిచూసి, నేను కాదులే అని వెళ్లిపోతున్నట్టనిపించింది. అనిపించింది అంటున్నాను. నమ్మాననడం లేదు.

మూడు గంటలకు ఆ కొట్టు నుంచే మిత్రుడు ఫోను కలిపాడు. టర్కీలో మిట్టమధ్యాహ్నం దాటింది. ఫోను తెర మీద, తలకు తెల్లని గుడ్డ కట్టుకున్న ఆ తల్లి చిన్న ముఖం. కళ్లు ఎటో చూస్తున్నాయి, చూపు ఆనదట. ఫోను పీట మీద నిలబెట్టి వాయించాడు. పాట మెల్లగా ఆ మెట్టు దగ్గరికి వచ్చింది. పలికింది. మరోసారి పలికింది. పాట అయిపోయింది.

అటువైపు మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాం. తర్వాత ఆమె మాట్లాడింది. నెమ్మదిగా, ఆగి ఆగి, చాలాసేపు. ఆయన ఒకే మాట బదులిచ్చాడు. ఫోను ఆపాడు.

“ఏమనింది ఆ తల్లి? కొడుకు వచ్చినాడంటనా?” పెద్దాయన ఆగలేకపోయాడు.

నేను అడిగాను. ఆయన సాజ్ సంచీలో పెట్టి, తాడు ముడి వేసి, అప్పుడు మా ఇద్దరినీ చూశాడు.

“భోంచేశారా అని అడిగింది.”

“అంతేనా?”

“అంతే, అబ్లా.”

పెద్దాయనకు అదే చెప్పాను. ఈసారి ఉన్నది ఉన్నట్టు. ఆయన కళ్లు తుడుచుకుని, “అమ్మ గదా” అన్నాడు. ఆయనకు అది చాలింది.

నాకు చాలలేదు. భోంచేశారా అని అడగడానికి ఏ భాషలోనైనా అన్ని మాటలు పడతాయా? వీడు నా కొడుకు కాడు అని ఉంటుందా? ఆ మాట మా ఇద్దరి ముందు అనలేక ఆయన మింగాడా? పెద్దాయన ముఖం చూసి మింగాడా? లేక నిజంగా అంతేనా? ముసలివాళ్లు ఒక మాటను పదిసార్లు అడుగుతారు. అది కూడా కారణం కావచ్చు. ఇంకెవరినైనా అడిగి తెలుసుకోవచ్చు అంటారేమో. అక్కడ ఆ భాష తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఉన్నది ఉన్నట్టు చెప్పలేదేమని ఆయనను నిలదీసే హక్కు నాకు ఆ పొద్దునే పోయింది.

ఆయన వెళ్లిపోయాడు. ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. కొత్త కేసు గురించి, కొత్త పుస్తకం గురించి, చలి గురించి. మెట్టు గురించి రాయడు. పెద్దాయన క్షేమం మాత్రం ప్రతిసారీ అడుగుతాడు, ఏనాడో క్షమించిన మనిషిని అడిగినట్టు.

మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కిందికి వెళ్లనివాళ్లను చూసి నేను నవ్వేదాన్ని. ఇప్పుడు నగర్తపేటలో పని పడితే ఆ సందు తప్పించి చుట్టు తిరిగి పోతున్నాను. పోయిన వారం మరిచి ఆ సందులోకే నడిచాను. పెద్దాయన పనిలోంచి తలెత్తి, “రా అమ్మణ్ణీ, సుమ్నే రెండు నిమిషాలు కూచో, పనేం లేకపోయినా” అని పీట జరిపాడు. తన మీద మాట పడకుండా కాపాడినదాన్నని నా మీద ఆయనకు గౌరవం. పని ఉందని చెప్పి వచ్చేశాను. అది మూడో అబద్ధం.

ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. అచ్చుకు ఇచ్చే ముందు ఇంగ్లీషు చేసి ఆయనకు పంపుతాను. ఆ తల్లి ఏమందో అడగను. అనువదిస్తూ “నువ్వు సరిజెయ్యమంటేనే చేసినా” అన్న వాక్యం దగ్గరికి వచ్చాను ఇప్పుడు. ఇంగ్లీషులో అది చాలా చిన్న వాక్యం.