బిజిలికి ఒడిబియ్యం

2022 వేసవి. పెద్దపల్లికి కొంత దూరంలో ఉన్న ఒక మండల కేంద్రంలో నేను పశువైద్యుణ్ని. రెండు గదుల ఆసుపత్రి, ముందు పశువును కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. దాన్ని మేం ట్రెవిస్ అంటాం. రోజూ వచ్చేవి బర్రెలు, గొర్రెలు, మేకలు. ఆదివారాలు మాత్రం కోడిపుంజును చంకలో పెట్టుకుని పెద్దమనుషులు వచ్చేవారు. గుర్రాల గురించి నాకు తెలిసిందంతా కాలేజీలో రాసిన ఒక పేపరు. అందులో ఎన్ని మార్కులు వచ్చాయన్నది ఇక్కడ అప్రస్తుతం.

ఒక సోమవారం పొద్దున కొమురయ్య తన పొట్టి గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. వెనక ఆయన భార్య రాజవ్వ. దూరం నుంచి చూసి గుర్రమూ మనిషీ ఇద్దరూ కుంటుతున్నారనుకున్నాను. దగ్గరికొచ్చాక తెలిసింది, కుంటేది కొమురయ్య ఒక్కడే. గుర్రం ఆయన కోసం మెల్లగా నడుస్తోంది.

దాని పేరు బిజిలి, అంటే మెరుపు. అది పరుగెత్తగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. దాని ఉద్యోగానికి పరుగు అవసరమూ లేదు. ఏళ్ల తరబడి చుట్టుపక్కల ఊళ్ల బరాత్‌లలో పెళ్లికొడుకులను మోసింది. డీజే బాక్సుల పక్కన, పటాకుల పొగలో, పదవీ విరమణకు దగ్గరపడ్డ గుమస్తాలా నిర్వికారంగా నిలబడేదట.

"అమ్ముతున్న సారూ. మంచిగున్నదని కాయితం రాసియ్యాలె," అన్నాడు కొమురయ్య. "మోకాళ్లు పోయినయి. మూడు గంటలు కళ్లెం వట్టుకొని నిలవడుడు నాతోని అయితలేదు. బెల్లంపల్లి సత్తన్నకు మూడు గుర్రాలున్నయి. కొంటా అన్నడు."

ఆయన కాయితం అన్నది ఫిట్‌నెస్ సర్టిఫికెట్. వయసు కూడా అందులో రాయాలి.

"దీనికెన్నేళ్లు?"

"తొమ్మిదేండ్లు."

"ఎప్పటి నుంచి?"

కొమురయ్య నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించాడు. "ఓ ఏడెనిమిదేండ్ల సంది," అన్నాడు.

గుర్రం వయసు పళ్లు చెబుతాయి. పై వరుసలో చివరి కొరుకుడు పన్ను మీద పదో ఏడు దాటాక చిగురు దగ్గర ఒక గాడి మొదలై, ఏటేటా కిందికి దిగుతుంది. గాల్వేన్స్ గ్రూవ్ అంటారు. బిజిలికి అది సగం దాటింది. పదహారు అని రాశాను. కొమురయ్య మొహం తన సొంత వయసు బయటపడినట్టు అయింది.

"అమ్మకుండా ఎవరికైనా కొన్నాళ్లు అరువు ఇవ్వొచ్చు కదా," అన్నాను. నన్ను ఎవరూ సలహా అడగలేదు. అయినా డాక్టర్లకు అది అలవాటు.

"జమ్మికుంటల మా బావమరిది అడిగిండు. ఒక్క సీజన్ నడుపుకొని ఇస్తడంట," అన్నాడు కొమురయ్య.

రాజవ్వ అంతవరకు గోడకానుకొని నిలబడి ఉంది. జమ్మికుంట బావమరిది ఆమెకు స్వయానా తమ్ముడు.

"వానికి ఓపాలి సైకిల్ ఇచ్చినం సారూ," అంది. "బెల్లు ఒక్కటే వాపసొచ్చింది."

అరువు సంగతి అక్కడితో తేలిపోయింది. "మరి ఉంచుకుంటే?" అన్నాను. రాజవ్వ గుర్రం మెడ మీది జూలును చేత్తో సాపు చేసింది. "ఉంచుకొని దీన్నెవలు తిప్పాలె? నన్నెవలు తిప్పాలె?" అన్నాడు కొమురయ్య. బెల్లంపల్లి మనిషి శుక్రవారం వస్తానన్నాడట గాని, శుక్రవారం పూట ఇంట్లోంచి పంపేది లేదని రాజవ్వ పట్టుబట్టడంతో గురువారానికి మారింది. నేను గుండె, ఊపిరి, కళ్లు, నడక చూసి సంతకం పెట్టాను.

గురువారం పొద్దున్నే ఫోను. "సారూ, జర జల్ది రావాలె. బిజిలి అడుగు తీస్తలేదు."

వెళ్లేసరికి బిజిలి ఇంటి ముందు ముంగాళ్లు బాగా ముందుకు చాపి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి నిలబడి ఉంది. ఆ భంగిమ నా పరీక్షలో బొమ్మ గీయమని వచ్చింది. ముందు గిట్టలు పట్టి చూస్తే వేడి. గిట్ట పైన నాడి కొట్టుకుంటోంది. ల్యామినైటిస్. గిట్ట లోపల మెత్తటి పొర వాచిపోవడం. వాపుకు పక్కకు పోయే చోటు ఉండదు కనుక నొప్పి భరించరానిది. తిండి గింజలు ఒక్కసారిగా ఎక్కువైతే వస్తుంది.

"ఏం పెట్టిన్రు?"

"రోజు పెట్టేదే సారూ. ఇంత గడ్డి, ఇన్ని గుగ్గిళ్లు."

మా వృత్తిలో ఈ జవాబు ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. మూతి చూశాను. పెదవుల చుట్టూ పసుపు.

"ఈ పసుపెక్కడిది?"

కొమురయ్య భార్య వైపు చూశాడు. రాజవ్వ కొంగు సర్దుకుంది.

"ఆడివిల్లను పంపేటప్పుడు ఒట్టిగ పంపుతరా సారూ? నిన్న పొద్దుగాల ఒడిబియ్యం పోసిన."

మా వైపు కూతురు అత్తవారింటికి బయలుదేరేటప్పుడు పసుపు కలిపిన బియ్యం, కుడుకలు అనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలతో ఒడి నింపి పంపుతారు. కూతురికి ఒడి ఉంటుంది. బిజిలికి ఉన్నది నోరొక్కటే.

"ఎన్ని బియ్యం?"

"ఐదు సోలలు. కుడుకలు తినలే సారూ, ఊంచింది."

"బెల్లం?"

"నేను వెట్టలే."

కొమురయ్య అన్నాడు: "గది నేను వెట్టిన సారూ. ఇంతే, చిన్న ముద్ద." చేత్తో చూపించిన చిన్న ముద్ద కొబ్బరికాయంత ఉంది.

రాజవ్వ ఆయన వైపు తిరిగింది. "అమ్ముదాం అమ్ముదాం అని ఊరంత ఒర్రినోనివి, సాటుకు బెల్లం వెట్టినవా?"

"నీ లెక్క మూట గుమ్మరియ్యలే గదా!"

నేను సూది వేసి, గిట్టలకు చల్లదనం కోసం ఇంటి వెనక బోరు పైపు కింద మట్టి తడిపించి, బిజిలిని అంగుళం అంగుళం నడిపించి అందులో నిలబెట్టించాను. అంతలో ట్రాలీ ఆటో ఆగింది. బెల్లంపల్లి సత్తన్న దిగాడు. మనిషి మర్యాదస్తుడే. గుర్రాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"కాయితం ఉన్నది గద సార్?"

"అది సోమవారం గుర్రానికి రాసింది. ఇది గురువారం గుర్రం."

"ఏం ఫికర్ లేదు. నొప్పి సూది నా దగ్గర ఉంటది. రేపు బరాత్ ఉన్నది, ఒక్క గల్లీనే. సూదేస్తే నడుస్తది. మంచిగ సూసుకుంట."

రాజవ్వ ముందుకొచ్చింది. "అయ్యా, ఒడిబియ్యం పోసినంక రాకపోకలుండాలె. నెలకోపాలి తోల్కస్తవా?"

"అవ్వా, నేను గుర్రాన్ని కొనవచ్చిన. వియ్యమందవచ్చినానా?" అన్నాడు సత్తన్న, నవ్వుతూనే.

కొమురయ్య నవ్వలేదు. నా దగ్గరికి జరిగి మెల్లగా అడిగాడు: "సారూ, గా సూదికి నొప్పి పోతదా, నొప్పి తెల్వకుంట వోతదా?"

"తెలియకుండా పోతుంది. నడిస్తే లోపల గిట్ట ఎముక కూడా కదిలిపోవచ్చు. నేనూ అదే సూది వేశాను, కానీ వేసి నిలబెట్టాను."

ఆయన తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. "పోయిన సీజన్ నేను గట్లనే చేసిన. నొప్పి గోలి ఏసుకునుడు, బరాత్‌కు వోవుడు. ఒక్క గల్లీనే, ఒక్క గల్లీనే అనుకుంట." జేబులోంచి నా సర్టిఫికెట్ తీసి, నాలుగు మడతలు సరిగ్గా చూసుకుని, నా చేతిలో పెట్టాడు. "ఇద్దరం ఒక్కతీర్గనే ఉన్నం. పో సత్తన్నా, చాయ్ తాగి పో. గుర్రం లేదు."

"ఉంచుకొని ఏం జేస్తవే?" అన్నాడు సత్తన్న.

"ఏం జెయ్య. అది నిలవడ్తది, నేను కూసుంట."

రాజవ్వ లోపలికి పోయి చాయ్ పెట్టింది. పొయ్యి పొగకు కళ్లు తుడుచుకుంటున్నానని చెప్పింది. వాళ్లింట్లో ఉన్నది గ్యాసు పొయ్యి.

బిజిలి తేరుకోవడానికి నెలన్నర పట్టింది. గింజలు బంద్, గడ్డి మాత్రమే. మళ్లీ ఎవరినీ మోయకూడదని రాసిచ్చాను. నేను రాసిన వాటిలో ఆ ఇంట్లో అక్షరాలా పాటించింది అదొక్కటే అనుకుంటాను. రాజవ్వ బీడీలు చుడుతుంటే అది పక్కన నిలబడి చూసేది.

జబ్బుకు కారణం రాసే చోట ఆ రోజు నేను "గ్రెయిన్ ఓవర్‌లోడ్", అంటే గింజలు ఎక్కువ కావడం, అని రాశాను. తప్పు కాదు గాని, అది సగం కారణమే. అప్పటి నుంచి పశువును అమ్ముతున్నామని సర్టిఫికెట్‌కు వచ్చిన ప్రతివారినీ ఒక ప్రశ్న అదనంగా అడుగుతున్నాను: పంపే ముందు ఇంట్లో ఎవరెవరు ఏమేం పెట్టాలనుకుంటున్నారు? చాలామంది నేలవైపు చూస్తారు. కొందరు కాగితం తీసుకోకుండానే వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకరు మేకను ఆటోలో ముందు సీటు మీద కూర్చోబెట్టుకుని వెళ్లారు.

తర్వాత నాకు కరీంనగర్ బదిలీ అయింది. బయలుదేరే రోజు రాజవ్వ వచ్చి నా భార్య ఒడిలో ఐదు సోలల పసుపు బియ్యం పోసింది. "ఇగ రాకపోకలుండాలె," అంది, నా వైపు చూస్తూ.

ఉన్నాయి. ఏడాదికి రెండుసార్లు గిట్టలు చూసే నెపంతో పోయి వస్తుంటాను. పోయినసారి కూడా అలవాటుగా పన్ను చూసి, గాడి ఎంతవరకు దిగిందో గమనించి, దాని వయసెంతని కొమురయ్యను అడిగాను.

"తొమ్మిదేండ్లు సారూ," అన్నాడు.

ఈసారి నేను దిద్దలేదు.