పిన్నిగారి దీపానికి రేసు కారు రెక్క

ఖరిదా బజారులో నేను ఇప్పటికీ తల వంచుకునే నడుస్తాను. వినయం వల్ల కాదు. తల ఎత్తితే ఎవరో ఒకావిడ గుర్తుపట్టి, చేతిలో కూరల సంచి కింద పెట్టి మరీ తిడుతుంది. ఒక్క సాయంత్రంలో, ఒక్క రేకు ముక్కతో, వీధి వీధినంతా శత్రువుల్ని చేసుకోవడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. నేను దాన్ని చాలా పద్ధతిగా చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ముందు నా అర్హతలు. ఒకటి, రైల్వే పనులకొచ్చిన తెలుగువాళ్ళు స్థిరపడ్డ ఈ పరాయి రాష్ట్రపు ఊళ్ళో, పెద్ద ఇంజనీరింగ్ సంస్థలో చదువుతున్నాను. రెండు, అక్కడి విద్యార్థులు కట్టే రేసు కారులో ముందు రెక్క బాధ్యత నాది. మూడు, ఎవరూ అడగకపోయినా దాని గురించి చెప్పడం నా జబ్బు.

ఇప్పుడు మీరూ అడగలేదు, అయినా చెబుతాను. పెద్ద రేసుల్లో కారు ముక్కు కింద వెడల్పాటి రెక్క కనిపిస్తుంది చూడండి, అది విమానం రెక్కని తిరగేసినట్టుంటుంది. విమానం రెక్క పైకి లేపుతుంది, ఇది కారు ముక్కుని రోడ్డుకి అదిమిపెడుతుంది. లోకానికి తెలిసింది అంతే. అసలు సంగతి వేరే ఉంది. వచ్చే గాలి మొదట కలుసుకునేది ఆ రెక్కనే. కాబట్టి వెనక ఉన్న ప్రతి భాగానికీ ఎంత గాలి అందాలో అదే తేలుస్తుంది. పెళ్ళి భోజనాల దగ్గర నిలబడి "మీరిటు, మీరటు" అని మనుషుల్ని తోలే మేనమామ లాంటిది. దాని రెండు చివర్లా నిలువు పలకలుంటాయి. అవి గాలిని చక్రాల బయటికి విసిరేస్తాయి. మన కారుకి హాయి. మరి ఆ విసిరేసిన గాలి ఎవరి మీద పడుతుంది? వెనకా పక్కనా వచ్చేవాడి మీద. వాడి ఖర్మ.

ఈ "వాడి ఖర్మ" దగ్గరే నా కొంప మునిగింది.

నేను అద్దెకుండే ఇల్లు అప్పలనరసమ్మ గారిది. నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ భర్త సూర్రావు బాబాయిగారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. కిందటి వానాకాలం బాబాయిగారికి జబ్బు చేసి ఇక లాభం లేదనుకున్నప్పుడు, పిన్నిగారు అమ్మవారికి మొక్కుకున్నారు: ఆయన లేచి తిరిగితే, పండక్కి ఘటం మీద దీపం ఆరకుండా గుడిదాకా తెస్తానని. ఆయన లేచారు, తిరుగుతున్నారు. ఈలోగా ఆవిడ మోకాళ్ళు కూర్చున్నాయి.

గుడికి వెళ్ళే దారి ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పాత రైల్వే కాలనీ దాటాక మైదానం మీదుగా పోతుంది. చైత్రమాసంలో సాయంత్రమయ్యేసరికి అక్కడ గాలి ఎదురొచ్చి మొహం మీద కొడుతుంది. ఏటా ఒకటో రెండో దీపాలు అక్కడే పోతాయి. దీపం పోయినవాళ్ళు పక్కవాళ్ళ దీపంతో వెలిగించుకుంటారు, తప్పులేదు. కానీ పిన్నిగారి మొక్కు "ఆరకుండా" అని.

"నడవనేను బాబూ. గుమ్మం దిగడవే గగనం," అన్నారు పిన్నిగారు.

"తోపుడు బండి మీద కూకో. నాను తోస్తాను," అన్నారు బాబాయిగారు.

"నువ్వు తోస్తే మళ్ళీ ఆస్పత్రికే. ఇంకో మొక్కు మొక్కలేను."

ఎదురింటి రవణమ్మ గారు తన వరండాలోంచే అందుకున్నారు. "బండెక్కి ఊరేగడానికి నువ్వేటి, అమ్మోరివేటే? ఒళ్ళో కుండెట్టుకుని మైదానంలోకెల్తే సిటికెలో ఆరిపోద్ది సూడు!"

పిన్నిగారి మొహం కందగడ్డయింది. "ఆరితే ఈ వీధిలో మొహం సూపించనే రవణా! రాసుకో!"

ఆ క్షణాన నేను లోపలికి పోయి చదువుకోవలసింది. "నేను చూసుకుంటాను పిన్నిగారూ" అన్నాను. గాలికి పోయే కంపని ఎవడో ఒంటికి తగిలించుకున్నాడట. నేనైతే దాన్ని పిలిచి, కొలతలు తీసి, నట్లూ బోల్టులూ వేసి మరీ బిగించుకున్నాను.

జామకాయలమ్మే దాదా దగ్గర బండి అడిగి తెచ్చాం. చూడగానే పులకరించిపోయాను. నాలుగు చక్రాలూ బయటికి! పైకప్పు లేదు! ముందంతా ఖాళీ! అచ్చం రేసు కారే, ఇంజనొక్కటే తక్కువ. ఇంజను నేను. అల్యూమినియం రేకు కోసి ఒకదాని వెనక ఒకటిగా పలకలు వంచి, చివర్లకి బయటికి తిరిగిన నిలువు పలకలు బిగించాను. దాదా దాన్ని వేలితో తట్టి బెంగాలీలో "ఎటా కీ?" అన్నాడు, ఇదేమిటని. అరగంట చెప్పాను. పాపం మళ్ళీ నన్నేమీ అడగలేదు.

మనిషి తోసే బండికి రెక్కెందుకని మీరనొచ్చు. గాలి నిలబడి కారు కదిలినా, కారు నిలబడి గాలి కదిలినా లెక్క ఒకటే. పెరట్లో టేబుల్ ఫ్యాను పెట్టి పరీక్షించాను. రెక్క వెనక దీపం, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పటి బడిపిల్లాడిలా నిటారుగా నిలబడింది. అగరొత్తి పొగ రెక్క దాకా వచ్చి రెండు పక్కలకీ చీలిపోయింది. గాలి ఇలా పక్కలకి పోతుందని పిన్నిగారికి చూపిస్తే, "పోతే పోనీ, మనకేటి" అన్నారు. ఆ పక్కనే తాడు మీద ఆరేసిన బాబాయిగారి లుంగీ ఎగిరి కింద పడింది. చూశాను. తీసి, దులిపి, మళ్ళీ ఆరేశాను. అంతే! అది ఎందుకు పడిందని ఒక్క క్షణం ఆలోచించని ఆ బుర్రని ఏ రేటుకైనా అమ్మేద్దును, కొనేవాడు లేడు.

పండగ రోజొచ్చింది. పసుపు రాసిన కుండలు, వేపమండలు, పైన మూకుళ్ళలో దీపాలు. పిన్నిగారు బండి మీద ఘటం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వెనక నేను తోస్తున్నాను, నా పక్కన బాబాయిగారు నడుస్తున్నారు. రెండు పక్కలా వీధి ఆడవాళ్ళు ఘటాలు పట్టుకుని, ఎదురుగాలి తగలకుండా దీపం ముందు అరచెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తున్నారు. మైదానంలో అడుగు పెట్టామో లేదో, గాలి లేచింది.

"ఓలమ్మో, నా దీపం!" ఎడమ పక్క నుంచి ఒక కేక.

"నాదీ పోనాది!" కుడి పక్క నుంచి ఇంకోటి.

"ఎదురుగాలికి సెయ్యడ్డవెట్టినాను కదే, ఈ పక్కగాలేటే!"

"నీదోపాలి ఇటియ్యే, ఎలిగించుకుంటాను."

"నాదీ పోనాది కదేటే!"

పిన్నిగారి దీపం మాత్రం వణకలేదు. సిగ్గుపడకుండా చెబుతున్నాను, అప్పుడు నాకు సంతోషమేసింది. రెండు పక్కలా సమానంగా పనిచేస్తోంది! "చూశారా పిన్నిగారూ!" అని అరిచాను కూడా. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నేను ఒక్క దీపం చక్కబెట్టి, వీధి దీపాలన్నీ ఆర్పి, పైగా కేకలేస్తున్నాను.

రవణమ్మ గారు వెలుగులేని ఘటం చంకనేసుకుని వచ్చి రేకు చివర చెయ్యి పెట్టి చూశారు. చీర కొంగు జెండాలా లేచింది. "ఒలే, ఇలగ రండే! గాలంతా ఈ రేకులోంచే వస్తంది! మన దీపాలార్పడానికి మిషను కట్టినాడే ఈ గుంటడు!"

బండి ఆగిపోయింది. ఆపింది నేను కాదు.

"ఆర్పడానికి కాదండీ," అన్నాను. "ఇది గాలిని పక్కకి మళ్ళిస్తుంది. మీరు కొంచెం దూరంగా నడిస్తే..."

"ఏటీ? ఎక్కడో గుంటూర్నించొచ్చి, మా పండగలో మమ్మల్ని దూరంగా నడమంతావేట్రా?" ఆవిడ బండి వైపు తిరిగారు. "ఆడికేటి తెలుసు, నిన్ననాలి. నీ ఒక్క దీపానికి అందరివీ ఆర్పేస్తావేటే? నీ మొగుడొక్కడే మొగుడేటి, మాకు లేరేటి?"

"నానేటి సేసినానే! రేకంటే రేకనుకున్నాను! నాకేటీ తెల్దు!" అన్నారు పిన్నిగారు.

చూడండి, ఖచ్చితంగా మాట్లాడడం నాకు నేర్పిన చదువు మీద నాకెంత కోపమో! తప్పు మాట వినపడితే దిద్దకుండా ఉండలేను.

"తెలియకపోవడమేమిటి పిన్నిగారూ? గాలి పక్కలకి పోతుందని పెరట్లోనే చెప్పాను కదా. పోతే పోనీ, మనకేటి అన్నారు మీరు."

బాబాయిగారు మెల్లగా నాకు దూరం జరిగారు.

పిన్నిగారు ఘటంతో సహా వెనక్కి తిరిగారు. ఆవిడ మొహం అక్కడ, నా మొహం ఇక్కడ, మధ్యలో దీపం. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు.

"ఫోరా సచ్చినోడా!"

దీపం ఆరిపోయింది.

ఎదురుగాలికి లెక్క కట్టాను. బండికి లోపలి వైపు నుంచి గాలి రావచ్చని ఏ పాఠంలోనూ చెప్పలేదు.

పిన్నిగారు మూకుడులో పొగ వైపు చూశారు. కొంగుతో కళ్ళొత్తుకున్నారు. బాబాయిగారు దగ్గరికొచ్చి బండి అంచు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు, ఆ వీధిలో అందరికన్నా కోపంగా ఉన్న రవణమ్మ గారే గొంతెత్తారు.

"ఏడకే! ఎవుల్దీ లేదిప్పుడు. మళ్ళీ మొదట్నించి ఎల్దాం. కొత్తగా బయల్దేరితే ఆరనట్టే లెక్క. ముందు ఆ రేకు పీకండి!"

రేసుల్లో దీన్ని రీస్టార్ట్ అంటారు. ఆ మాట నేను పైకి అనలేదు. అప్పటికి కొంత బుద్ధొచ్చింది.

రేకు పీకారు. నట్లు విప్పలేదు, పీకారు. మళ్ళీ ఖరిదా దాకా వెనక్కి నడిచి, దీపాలు వెలిగించుకుని, మళ్ళీ మైదానానికొచ్చాం. ఈసారి ఆడవాళ్ళందరూ భుజం భుజం కలిపి బండి ముందు గోడలా నడిచారు. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉన్నారు, ఒకరికి ఆయాసమొస్తే ఇంకొకరు అందుకున్నారు. ఒక్క దీపం ఆరలేదు.

గుడి ముందు పిన్నిగారిని బాబాయిగారు ఒక పక్కా రవణమ్మ గారు ఒక పక్కా పట్టుకుని దింపారు. దీపం అమ్మవారి ముందు పెట్టి, పిన్నిగారు అందరికీ వినబడేలా అన్నారు: "తల్లీ, నా మొక్కు తీరినాది. ఇప్పుడింకోటి మొక్కుతన్నాను. ఈ బాబు సదువు బేగి అయిపోయి, మంచి ఉద్యోగవొచ్చి, బాగా దూరం ఎల్లిపోవాల. ఎల్లిపోతే వచ్చే ఏడు ఈ మోకాళ్ళతోటే నడిసొస్తాను."

"నా పేరున కూడా మొక్కే," అన్నారు రవణమ్మ గారు. వెనక నుంచి అందరూ "మా పేరునా!" అన్నారు.

కాబట్టి సకల దేవతల సాక్షిగా నా ప్రతిజ్ఞ ఇది. పక్కన ఎవరు నడుస్తున్నారో చూడకుండా ఇక గాలి జోలికి వెళ్ళను. అంతకన్నా ముఖ్యంగా, ఎదుటి మనిషి ఒళ్ళో వెలుగుతున్న దీపం ఉండగా, ప్రాణం పోయినా సరే, నిజం చెప్పను.