చప్పుడు లేని వారం

కళ్ళద్దాల షాపాయనకు యాభై దాటాక ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన పోటీ పిచ్చి పట్టింది. భార్య పోయాక ఇంట్లో ఆయనా, గోడలూ తప్ప మరో దిక్కు లేదు.

"సైకిలు దిగి బూట్లు మార్చుకునే చోటే సగంమంది వెనకబడతారు సార్. అది ఇంట్లో సాధన చెయ్యండి," అన్నాడు కోచ్. ఇక చూస్కోండి, రోజూ తెల్లారగానే హాల్లో స్టాండు వేసిన సైకిలు మీంచి ధబీమని దూకడం, బూట్లు తొడుక్కుని వంటింటిదాకా పరిగెత్తడం.

కింది వాటాలో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరమ్మ బూజుకర్రతో పైకప్పు పొడిచి తిట్టేది. రోజు మొత్తానికీ ఇంట్లో ఆయనకు దొరికే పలకరింపు అదొక్కటే.

పోటీకి వారం ముందు కోచ్ అన్నీ మాన్పించాడు. "ఒళ్ళు అలవకూడదు సార్. విశ్రాంతి కూడా సాధనే." పరుగుకన్నా ఆ కూర్చోవడమే ఆయనకు గండమైంది. ఇల్లు ఎంత ఖాళీగా ఉందో అప్పుడు తెలిసొచ్చింది.

మూడోరోజు పొద్దున బెల్లు మోగింది. గుమ్మంలో టీచరమ్మ, మెట్లెక్కిన ఆయాసంతో.

"ఏం నాయనా, బతికే ఉన్నావా? నీ చప్పుడు లేక నాకు తెల్లారినట్టే లేదు!"

"విశ్రాంతి తీసుకోమన్నారండీ."

"సరే అయితే," అని ఆమె మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగిపోయింది. లోపలికి రమ్మనాలని ఆయనకు తట్టనే లేదు. ఇంటికి మనుషులొస్తే ఏమనాలో మరిచిపోయి ఎన్నాళ్ళయిందో.

కింద తలుపు పడిన చప్పుడు విన్నాక, కోచ్ మాట గట్టున పెట్టి, సైకిలెక్కి ఒక్కసారి దూకాడు. ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

కాసేపటికి కాళ్ళకింద బూజుకర్ర మెల్లగా తట్టింది.